బోదలేర్ పిల్లలు, వాళ్ల పాఠకులు



మాస్టారి పేరిట జరుగుతున్న ఈ సభలో మాట్లాడమన్నప్పుడు బాలసాహిత్యం తప్ప మరో విషయం నాకు తోచలేదు. ఆయన నడిపిన గ్రంథాలయంలో పిల్లల బీరువాకు తాళం ఉండేది కాదు. పుస్తకం తిరిగి ఇచ్చిన పిల్లవాణ్ని బాగుందా అని అడిగి ఊరుకునేవారు కాదు. ఎక్కడ విసుగొచ్చింది, ఎవరి మీద కోపమొచ్చింది, ఏ పేజీ దగ్గర పుస్తకం మూసేయాలనిపించింది అని అడిగేవారు. అడిగాక మధ్యలో అందుకోకుండా చివరిదాకా వినేవారు. పిల్లల పుస్తకం మీద మొదటి తీర్పు పిల్లలదేనని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని గట్టి పరీక్షకు పెట్టిన ఒక నవలల వరస గురించి, దాని మీద పాతికేళ్లుగా పాఠకులు పడుతున్న పోట్లాట గురించి ఇవాళ మాట్లాడతాను.

ఆ వరస పేరు ‘ఎ సిరీస్ ఆఫ్ అన్‌ఫార్చునేట్ ఈవెంట్స్’. అట్ట మీద లెమనీ స్నికెట్ అని ఉంటుంది. ఆ పేరు వెనక ఉన్న మనిషి శాన్ ఫ్రాన్సిస్కోలో 1970లో పుట్టిన డేనియల్ హ్యాండ్లర్. మొదటి పుస్తకం ‘ద బ్యాడ్ బిగినింగ్’ను 1999 సెప్టెంబరులో హార్పర్‌కాలిన్స్ అచ్చు వేసింది. చివరిది ‘ది ఎండ్’ 2006 అక్టోబర్ 13న, శుక్రవారం నాడు వచ్చింది. పాశ్చాత్యులకు ఆ తేదీ, ఆ వారం కలిసి వస్తే అశుభం. ఆ రోజును కావాలనే ఎంచుకున్నారు. మొత్తం 13 పుస్తకాలు, ఒక్కోదానిలో 13 అధ్యాయాలు. చివరి పుస్తకానికి మాత్రం ఒక అధ్యాయం ఎక్కువ. దాని దగ్గరికి తర్వాత వస్తాను. బ్రెట్ హెల్క్విస్ట్ వేసిన బొమ్మలతో ఈ పుస్తకాలు 6 కోట్ల ప్రతులకు పైగా అమ్ముడయ్యాయి. 2004లో జిమ్ క్యారీతో సినిమా వచ్చింది. 2017 నుంచి 2019 దాకా నెట్‌ఫ్లిక్స్‌లో మూడు సీజన్ల ధారావాహిక నడిచింది.

చదవనివారి కోసం కథ కొంచెం చెప్పాలి. వయొలెట్ బోదలేర్‌కు 14 ఏళ్లు. ఏ యంత్రం గురించైనా ఆలోచించాలంటే జుట్టు కళ్ల మీద పడకుండా రిబ్బనుతో ముడి వేసుకుంటుంది. తమ్ముడు క్లౌస్‌కు 12, చదివింది మరిచిపోడు. చంటిపిల్ల సన్నీకి ఉన్నవి నాలుగు పళ్లు. వాటితో దేన్నైనా కొరికేస్తుంది. తన మాటలు అక్కకూ అన్నకూ తప్ప ఎవరికీ అర్థం కావు. ముగ్గురూ సముద్రం ఒడ్డున ఉండగా మిస్టర్ పో అనే బ్యాంకు ఉద్యోగి దగ్గుకుంటూ వచ్చి, ఇల్లు కాలిపోయిందని, అమ్మానాన్నలు పోయారని చెబుతాడు. వయొలెట్ మేజరయ్యేదాకా ఆస్తి బ్యాంకు అధీనంలో ఉంటుంది. పిల్లల్ని కౌంట్ ఓలాఫ్ అనే దూరపు చుట్టానికి అప్పగిస్తారు. వాడు నటుడు. వాడికి కావలసింది ఆస్తి. అక్కణ్నుంచి చివరిదాకా వేషాలు మారుస్తూ పిల్లల వెంట పడుతూనే ఉంటాడు.

ఈ పుస్తకాల వెనక అట్ట మీద రచయితే హెచ్చరిక రాస్తాడు: ఇందులో సంతోషం లేదు, దయచేసి వేరే పుస్తకం తీసుకోండి అన్న అర్థంలో. పెద్దవాళ్లు దాన్ని అక్షరాలా నమ్మారు. పిల్లలు వెంటనే పుస్తకం తెరిచారు. పాఠకుల మధ్య మొదటి తగువు అక్కడే మొదలైంది.

ఇంత చీకటి పిల్లలకు ఎందుకు అన్నది తల్లిదండ్రుల ప్రశ్న. అమెరికాలో కొన్ని బడులు ఈ పుస్తకాలను పిల్లలకు అందకుండా చేశాయి కూడా. ఎక్కువ అభ్యంతరం మొదటి పుస్తకం మీదే. అందులో ఓలాఫ్ ఒక నాటకం వేయిస్తాడు. నాటకంలో పెళ్లి సీను, పెళ్లికూతురు వయొలెట్, పెళ్లి జరిపించే జడ్జి పాత్రలో పక్కింటి జస్టిస్ స్ట్రాస్ అనే నిజమైన జడ్జి. అంటే రంగస్థలం మీద జరిగే పెళ్లి చట్టం ముందు నిజం పెళ్లి అయిపోతుంది, భార్య ఆస్తి వాడి చేతికొస్తుంది. ఒప్పుకోకపోతే బురుజు మీంచి పంజరంలో వేలాడుతున్న సన్నీ ప్రాణం పోతుంది. వయొలెట్ సంతకం తన కుడిచేత్తో కాకుండా ఎడమచేత్తో పెట్టి ఆ పెళ్లి చెల్లకుండా చేస్తుంది.

14 ఏళ్ల పిల్లకు ముసలి దుర్మార్గుడితో పెళ్లి అనే సంగతి పిల్లల హాస్య నవలలోకి ఎలా తెచ్చారని అమెరికన్ తల్లి అడగడం సహజం. తెలుగువాళ్లం మనం ఆ ప్రశ్న అడగడానికి ముందు కొంచెం ఆగాలి. 1892లో విజయనగరంలో రంగం మీదికి ఎక్కి, 1897లో అచ్చయిన మన ‘కన్యాశుల్కం’ కథ ఏమిటి? డబ్బు కోసం పసిపిల్లను కాటికి కాళ్లు చాచినవాడికి ఇవ్వబోవడం. గురజాడ దాన్ని ఏడిపిస్తూ చెప్పలేదు. కరటకశాస్త్రి శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లకు ముడిపెట్టి మనల్ని కడుపుబ్బ నవ్వించాడు. గురజాడ దగ్గర దొంగ పెళ్లికూతురు అసలు పెళ్లిపీటల మీద కూర్చుంటుంది, హ్యాండ్లర్ దగ్గర నిజం పిల్ల నాటకం పెళ్లిలో ఇరుక్కుంటుంది. రెండుచోట్లా నవ్వుతున్న క్షణంలోనే ఆ పిల్ల గతేమిటన్న భయం గుండెలో ఉంటుంది. ఆ భయాన్ని తీసేస్తే ఆ నవ్వుకు విలువ లేదు. ‘కన్యాశుల్కం’ను నెత్తిన పెట్టుకున్న జాతికి, ఘోరాన్ని నవ్వుతూ చెప్పకూడదనే వాదం సరిపోదు.

పిల్లలు మాత్రం ఓలాఫ్ గురించి పెద్దగా ఫిర్యాదు చేయరు. దుర్మార్గుడు దుర్మార్గంగా ఉండటం వాళ్లకు సమ్మతమే. అమెరికాలో పెరిగిన తెలుగు పిల్లలు ఎంతోమంది ఈ పుస్తకాలను బడి గ్రంథాలయంలోంచే తెచ్చుకుని చదివారు. న్యూజెర్సీలో ఉన్న మా అక్క కూతురు అలా చదివినదే. తనకు ఒళ్లు మండింది ఓలాఫ్ మీద కాదు, మిస్టర్ పో మీద. పేజీ పేజీకీ పిల్లలు చెబుతూనే ఉన్నారు, ఈయన ఎందుకు వినడు అని అడిగేది. ఈ వరస గురించి నాకు తెలిసిన అభిప్రాయాలన్నిటిలో అతి పదునైనది అదే అనుకుంటాను. ఈ పుస్తకాల గుండెకాయ అక్కడుంది.

కొంచెం వివరంగా చూద్దాం. ఓలాఫ్ క్లౌస్‌ను కొట్టాక పిల్లలు ముగ్గురూ నడుచుకుంటూ బ్యాంకుకు వెళ్లి మిస్టర్ పోకు చెబుతారు. ఆయన కసురుకోడు, మర్యాదగానే మాట్లాడతాడు. ఓలాఫ్ ఇప్పుడు తల్లిదండ్రుల స్థానంలో ఉన్నాడు కాబట్టి తనకు తోచినట్టు పెంచే హక్కు ఉందని వివరించి పంపేస్తాడు. రెండో పుస్తకంలో అంకుల్ మాంటీ వస్తాడు. పాముల శాస్త్రవేత్త, ఆప్యాయుడు, పిల్లల్ని పెరూ తీసుకెళ్తానంటాడు. ఆయన దగ్గర చేరిన కొత్త సహాయకుడు ఓలాఫే అని పిల్లలు చెప్పబోతే, వాడు తన పరిశోధన దొంగిలించడానికి వచ్చిన గూఢచారి అని తేల్చేసుకుంటాడు. పిల్లల మాట విన్నాననే అనుకుంటాడు. తన భయాన్నే వాళ్ల నోట విన్నాడు. చచ్చిపోతాడు.

మూడో పుస్తకంలో ఆంట్ జోసెఫీన్. ఈవిడకు టెలిఫోన్ అంటే భయం, తలుపు పిడి అంటే భయం, అన్నిటికీ భయమే. వ్యాకరణం అంటే మాత్రం ప్రాణం. ఓలాఫ్ బలవంతం మీద రాసిన ఆఖరి ఉత్తరంలో కావాలనే తప్పులు రాసి, తాను ఏ గుహలో దాక్కుందో ఆ తప్పుల్లో దాచిపెడుతుంది. ఆ గుట్టు విప్పిన క్లౌస్‌ను చూస్తే ముచ్చటేస్తుంది. తీరా తన ప్రాణం మీదికి వచ్చేసరికి ఆవిడ పిల్లల్ని ఓలాఫ్‌కు వదిలేస్తానంటుంది. అప్పుడు ఆవిడ మీద కోపంకంటే జాలి ఎక్కువ వస్తుంది. ఆరో పుస్తకంలో జెరోమ్ స్క్వాలర్ పూర్తిగా మంచివాడు. ఎవరితోనూ వాదన పెట్టుకోడు. పిల్లల్ని ఉంచుకుంటాను, కానీ అపహరణకు గురైన మీ స్నేహితుల్ని వెతకడం మానేయండి అంటాడు. పిల్లలు ఒప్పుకోరు, ఆయన తప్పుకుంటాడు. ఏడో పుస్తకంలో ఊరు ఊరంతా పిల్లల్ని దత్తత తీసుకుంటుంది. తీసుకుని ఇంటింటి చాకిరీ చేయిస్తుంది. ఆ ఊళ్లో వాళ్లకు అన్నం పెట్టే హెక్టర్‌కు పెద్దల సభ ముందు నోరు పెగలదు.

వీళ్లలో ఒక్కరు కూడా క్రూరులు కారు. ఒకరు నియమం చాటున దాక్కున్నారు, ఒకరు భయం చాటున. జెరోమ్‌ది మొహమాటం. మాంటీ ఏ చాటునా దాక్కోలేదు, తెలివైనవాణ్నన్న ధీమాలో చెవులు మూసుకున్నాడంతే. మన ఇళ్లలో పిల్లల మాట పెడచెవిన పెట్టేది ఓలాఫ్‌లాంటివాళ్లా? బడిలో ఏదో జరుగుతోందని పిల్ల చెబితే, మాస్టారు అలాంటివారు కాదులే అనేది ప్రేమ గల తల్లే. ఇంటికి వచ్చే ఫలానా చుట్టం దగ్గరికి వెళ్లనని పిల్లవాడు మొండికేస్తే, పెద్దవాళ్లను అలా అనకూడదని నేర్పేది మర్యాద తెలిసిన తండ్రే. ఆ తర్వాత ఏమవుతుందో మనకు వార్తాపత్రికలు చెబుతూనే ఉన్నాయి. బాలసాహిత్యంలో దొంగల్ని, రాక్షసుల్ని, సవతి తల్లుల్ని కావలసినంతమందిని చూశాం. మంచితనం చాలని పెద్దమనిషిని ఇంత ఓపికగా, ఇన్ని రూపాల్లో చూపించిన రచయిత మరొకరు నాకు తెలియదు.

హ్యాండ్లర్ తండ్రి నాజీల జర్మనీ నుంచి తప్పించుకు వచ్చిన యూదు శరణార్థి. ముంచుకొస్తున్న ప్రమాదం గురించి ఎవరో చెబుతుంటే, మర్యాదస్తులు నమ్మకుండా కూర్చున్న కాలం అది. ఆ ఇంట్లో పెరిగిన పిల్లవాడికి, మంచివాళ్లకు మంచే జరుగుతుందన్న కథ అబద్ధంగా కనిపించి ఉంటుందని నేను అనుకుంటాను. చిన్నప్పుడు ఓలాఫ్‌ను చూసి భయపడ్డ పాఠకులు ఇప్పుడు ముప్పై దాటి, తల్లులూ తండ్రులూ అయ్యి, మళ్లీ ఈ పుస్తకాలు తీస్తున్నారు. ఈసారి వాళ్లకు భయం వేస్తోంది మిస్టర్ పోను చూసి. తమలో ఆయన ఎక్కడైనా ఉన్నాడేమోనని.

ఇక రెండో తగువు. అన్ని పుస్తకాల్లో అదే కథ కదా అన్నది దాని సారం. కొత్త సంరక్షకుడు, కొత్త వేషంలో ఓలాఫ్, పిల్లలు గుర్తుపట్టడం, పెద్దలు పట్టకపోవడం, చివర్లో వాడు పారిపోవడం. నాలుగో పుస్తకం దగ్గర చాలామంది పాఠకులు ఆగిపోతారు. ‘ద మిజరబుల్ మిల్’ ఈ వరసలో బలహీనమైనదేనని నేనూ ఒప్పుకుంటాను. కర్రల మిల్లులో పిల్లలచేత పని చేయించుకుని, జీతానికి బదులు కూపన్లు, మధ్యాహ్నం భోజనానికి బదులు చూయింగ్ గమ్ ఇస్తారన్న ఊహ చాలా బలమైనది. దాన్ని హిప్నాటిజం కథ మింగేసింది. అయినా ఏడో పుస్తకం దాకా ఓపిక పట్టినవాళ్లకు చెప్పాల్సింది ఒకటుంది. పదేపదే చెప్పినా వినకపోవడం ఎలా ఉంటుందో ఒక్కసారి చెబితే అర్థం కాదు. ఆ విసుగు పాఠకుడికి కూడా పుట్టాలి.

ఎనిమిదో పుస్తకం నుంచి ఆ చట్రం విరిగిపోతుంది. సంరక్షకులు ఉండరు, పిల్లల మీదే హత్యానేరం పడుతుంది. ఇప్పుడు వేషాలు వేయాల్సింది వాళ్లే, అబద్ధాలు చెప్పాల్సింది, తాళంచెవులు కాజేయాల్సింది వాళ్లే. పన్నెండో పుస్తకంలో ఒక హోటల్‌కు నిప్పు పెట్టడంలో వాళ్ల చెయ్యి ఉంటుంది. ఇల్లు కాలి అనాథలైన పిల్లలు! మనం ఓలాఫ్‌లా అయిపోతున్నామా అని వాళ్లే ఒకర్నొకరు అడుక్కుంటారు. ఇది ఇష్టపడని పాఠకులు ఉన్నారు. మంచిపిల్లలు మంచిపిల్లలుగానే ఉండాలని వాళ్ల కోరిక. నాకు మాత్రం ఈ వరస గొప్పతనం ఇక్కడే మొదలవుతుంది. కష్టంలో ఉన్న మనిషికి చేతులకు మసి అంటకుండా బయటపడే దారి అన్నిసార్లూ దొరకదని పదేళ్ల పాఠకుడికి చెప్పడానికి ధైర్యం కావాలి.

కథకుడి గొంతు గురించి కూడా రెండు మాటలు. స్నికెట్ కథ మధ్యలో ఆపి మాటలకు అర్థాలు చెబుతాడు, పోయిన ప్రియురాలు బియాట్రిస్‌ను తలుచుకుంటాడు. ‘ది ఎర్సాట్జ్ ఎలివేటర్’లో పిల్లలు లిఫ్టు గోతిలో పడిపోతుంటే పేజీలకు పేజీలే నల్లగా అచ్చు వేయించాడు. కొంతమందికి ఇది చికాకు, ముఖ్యంగా కథ కోసం పరుగెత్తేవాళ్లకు. పిల్లలకు బిగ్గరగా చదివి వినిపించిన పెద్దలు సాధారణంగా మెచ్చుకుంటారు. చదివి చూస్తే తెలుస్తుంది, అది నోటికి బాగా పలుకుతుంది. ఆ గొంతులో ఒక దుఃఖితుడు మనతో మాట్లాడుతున్నాడు. ఈ పిల్లలకు ఏమైందో ఊరూరూ తిరిగి కూపీ లాగుతున్నాడు. పుస్తకాల్లో పిల్లల్ని నమ్మని లోకానికి బదులుగా, వాళ్ల మాటను ఆలస్యంగానైనా అక్షరం అక్షరం నమోదు చేస్తున్న పెద్దమనిషి ఈ కథకుడే.

రచయిత ప్రవర్తన గురించి ఉన్న అభిప్రాయాన్నీ దాటవేయకూడదు. 2014లో అమెరికా నేషనల్ బుక్ అవార్డుల సభలో, నల్లజాతి రచయిత్రి జాక్వెలిన్ వుడ్సన్ బహుమతి అందుకున్నాక, వేదిక మీదున్న హ్యాండ్లర్ పుచ్చకాయ పేరెత్తి ఆమె జాతిని కించపరిచే పరిహాసమాడాడు. తర్వాత క్షమాపణ చెప్పాడు, బాలసాహిత్యంలో వైవిధ్యం కోసం పనిచేసే సంస్థకు విరాళం ఇచ్చాడు. ఆ మాటతో ఆయన పుస్తకాలు చదవడం మానేసినవాళ్లు ఉన్నారు. వాళ్ల బాధ న్యాయమైనది. నేను ఆ పుస్తకాలను బీరువాలోంచి తీసేయను. పిల్లలు అడిగితే ఈ సంగతీ దాచను.

చివరి తగువు అన్నిటికంటే పెద్దది. ‘ది ఎండ్’ వచ్చిన రోజు నుంచి ఇవాళ్టి వరకూ అది చల్లారలేదు. పుస్తకాల నిండా రహస్యాలు పరిచాడు రచయిత. వి.ఎఫ్.డి. అనే రహస్య సంఘం, దానిలో చీలిక, అందరూ ప్రాణాలకు తెగించి వెతికే ఒక చక్కెర గిన్నె. ఆ గిన్నెలో ఏముందో పుస్తకం ఎక్కడా చెప్పలేదు. బోదలేర్ ఇల్లు ఎవరు తగలబెట్టారో తేల్చలేదు. ఓలాఫ్ తల్లిదండ్రుల చావులో బోదలేర్ దంపతుల చెయ్యి ఉందని సూచించి వదిలేశాడు. ఏడేళ్లపాటు ఒక్కో పుస్తకం కోసం ఎదురుచూసిన పిల్లలు మోసపోయామనుకున్నారు. నెట్‌ఫ్లిక్స్ ధారావాహికలో ఆ గిన్నెకు జవాబు చెప్పారు: ప్రాణాంతకమైన పుట్టగొడుగు విషం నుంచి కాపాడే చక్కెర అందులో ఉందని. కొందరు పాఠకులు ఊపిరి పీల్చుకున్నారు. ఇంకొందరు గింజుకున్నారు, ఇంతేనా అని.

నేను రెండోవాళ్ల పక్షం. జవాబు దొరికాక ఆ గిన్నె సామాను అయిపోయింది. జవాబు లేనప్పుడు మాత్రం పిల్లలకు ఒక నిజం అందింది: పెద్దవాళ్లు తమ కాలంలో పెట్టుకున్న తగాదాలు పిల్లల నెత్తిన పడతాయి, ఆ తగాదా ఎందుకు మొదలైందో చెప్పడానికి ఎవరూ మిగలరు. దేశవిభజనలు, భూమి గొడవలు, అన్నదమ్ముల మధ్య మాటలు లేకపోవడం ఎరిగిన మనకు ఇది కొత్త కాదు. కోపగించుకున్న పిల్లలది తప్పని నేను అనను. ఆ కోపం పుస్తకం పనిచేసిందనడానికి గుర్తు. అర్థం కాని కోపం ముప్పై ఏళ్ల వయసులో అర్థమైతే అదీ చదువే.

పద్నాలుగో అధ్యాయం సంగతి చెప్పి ముగిస్తాను. మొదటి పదమూడు అధ్యాయాల్లో, ఒక దీవిలో ఓలాఫ్ చనిపోతాడు, కథకుడి సోదరి కిట్ స్నికెట్ బిడ్డను కని చనిపోతుంది. ఆ దీవిలో మిగిలింది బోదలేర్ పిల్లలు, ఆ పసికందు. అదనంగా చేర్చిన చిన్న అధ్యాయంలో ఏడాది గడిచిపోయి ఉంటుంది. ఆ బిడ్డను ముగ్గురూ పెంచారు, తమ తల్లి పేరే పెట్టారు, ఇప్పుడు పడవ సిద్ధం చేసుకుని దీవి వదిలి వెళ్తున్నారు. ఎక్కడికి చేరారో చెప్పలేదని పాఠకుల ఫిర్యాదు. నాకు ఆ సమాధానం అవసరం కనిపించలేదు. పదమూడు పుస్తకాల్లో సంరక్షకుల్ని ఎంతమందిని చూశాం! ఈ చివరి అనాథకు దొరికిన సంరక్షకులు, లోకమంతా పిచ్చిపలుకులనుకున్న సన్నీ మాటల్ని పుట్టినప్పటి నుంచి అర్థం చేసుకుంటూ వచ్చినవాళ్లు. ఆ పాప ఏదైనా చెబితే వాళ్లు వింటారు.